పాత డెస్క్‌టాప్‌లో బూట్ అవుతున్న పెన్‌డ్రైవ్ కొత్త ల్యాప్‌టాప్‌కు అసలు కనబడట్లేదు, ఎందుకు?

గాజువాక కుర్రాడు:

అందరికీ నమస్తే. చెల్లి ఇంజినీరింగ్‌లో చేరుతోందని ల్యాప్‌టాప్ కొన్నాం. ఇంటెల్ 12వ తరం ఐ5, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. విండోస్ లేకుండా డాస్‌తో వచ్చే మోడల్ తీసుకున్నాం, లైసెన్స్ విడిగా కొంటాం. ద్వారకానగర్‌లో ఒక షాపులో అడిగితే ఇచ్చేసి వెళ్ళండి, సాయంత్రానికి వేసి ఉంచుతాం అన్నారు గానీ, ఇది మనకే వస్తే మంచిది కదా అని ఇంటికి తెచ్చేశాను.

మా బావ ఇంతకుముందు నాన్నగారి పాత డెస్క్‌టాప్‌కు (2012 ప్రాంతంలో కొన్నది, రెండో తరం ఐ3) రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో బూటబుల్ పెన్‌డ్రైవ్ చేసి విండోస్ వేశాడు. అప్పుడు ఏ సెట్టింగ్స్ పెట్టాడో ఫోన్‌లో అడిగి, అవే పెట్టి విండోస్ 11 ఐఎస్ఓ (ఇన్‌స్టాలర్ మొత్తం ఒకే ఫైలుగా ఉండేది) రాశాను. డెస్క్‌టాప్‌కు పెట్టి చూస్తే బ్రహ్మాండంగా లేస్తోంది, భాష ఎంచుకోమనే తెర దాకా వస్తోంది. అదే పెన్‌డ్రైవ్ ల్యాప్‌టాప్‌కు పెట్టి ఎఫ్12 కొడితే లిస్టులో ఎస్‌ఎస్‌డీ, నెట్‌వర్క్ బూట్ తప్ప ఇంకేమీ లేదు. పోర్టు మార్చాను, అదే కథ. యూట్యూబ్‌లో అందరూ లెగసీ ఆన్ చెయ్యమంటున్నారు, నా సెటప్ తెరలో ఆ మాటే ఎక్కడా లేదు.

పెన్‌డ్రైవ్ పోయిందా, పోర్టు పోయిందా, లేక మాకిచ్చిన ల్యాప్‌టాప్‌లోనే లోపం ఉందా? వారంలో చెల్లి హాస్టల్‌కు వెళ్ళిపోతుంది, అందుకే కాస్త టెన్షన్‌గా ఉంది.

సీతమ్మధార సర్వీస్:

తమ్ముడూ, ముందు టెన్షన్ తీసెయ్. పెన్‌డ్రైవ్ బాగుంది, పోర్టు బాగుంది, ల్యాప్‌టాప్‌లో ఏ లోపమూ లేదు. డెస్క్‌టాప్‌లో భాష అడిగే తెర దాకా వచ్చిందంటే రాయడం సరిగ్గానే రాసింది. ఆన్ చెయ్యగానే ముందు లేచి విండోస్‌ను లేపే బోర్డు మీది ప్రోగ్రామ్‌ను ఫర్మ్‌వేర్ అంటారు, అందులో పాత రకం బయోస్, కొత్త రకం యూఈఎఫ్ఐ. నీది పాత బయోస్ మెషీన్ కోసం రాసిన పెన్‌డ్రైవ్, నీ చేతిలో ఉన్నది యూఈఎఫ్ఐ మాత్రమే ఉన్న మెషీన్. రెండూ పెన్‌డ్రైవ్‌లో వెతికేవి వేరు వేరు.

మీ నాన్నగారి డెస్క్‌టాప్ బయోస్‌కు ఫైళ్ళు, ఫోల్డర్లు అంటే ఏమిటో తెలియదు. పెన్‌డ్రైవ్‌లో మొట్టమొదటి సెక్టార్ ఒక్కటి, అంటే 512 బైట్లు, మెమరీలోకి లాక్కుని దాని చివర 55, ఏఏ అనే రెండు బైట్ల గుర్తు ఉందా అని చూస్తుంది, ఉంటే ఇక మిగతా పని ఆ కోడ్‌కే వదిలేస్తుంది. నీ ల్యాప్‌టాప్ ఆ సెక్టార్‌లోని కోడ్ జోలికే పోదు. దానికి కావలసింది ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన ఒక పార్టిషన్, అందులో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్, దానిలోపల బూట్ అనే ఫోల్డర్, అందులో బూట్‌ఎక్స్64 డాట్ ఈఎఫ్ఐ అనే ఫైలు. ఆ దారిలో ఆ పేరుతో ఫైలు ఉంటేనే పెన్‌డ్రైవ్ లిస్టులోకి వస్తుంది. పేపరు వేసే కుర్రాడు గేటు దాకానే వస్తాడు గానీ ఇంట్లోకొచ్చి మనం ఏ గదిలో ఉన్నామో వెతకడు కదా, ఇదీ అంతే.

ఇప్పుడు నువ్వు పెన్‌డ్రైవ్ తెరిచి చూస్తే ఈఎఫ్ఐ ఫోల్డర్ నీకు కనబడే అవకాశం ఉంది, ఉంది కదా మరి ఎందుకు రాలేదు అంటావు. డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడు, ఫైల్ సిస్టమ్ దగ్గర ఎన్‌టీఎఫ్ఎస్ అని ఉంటుంది. ఎన్‌టీఎఫ్ఎస్ చదవడం విండోస్‌కు వచ్చు, నీ ల్యాప్‌టాప్ ఫర్మ్‌వేర్‌కు రాదు. యూఈఎఫ్ఐ ప్రమాణం ప్రకారం ప్రతి ఫర్మ్‌వేర్‌కూ తప్పనిసరిగా వచ్చి తీరాల్సింది ఫ్యాట్ ఒక్కటే, కొన్ని కంపెనీలు ఎన్‌టీఎఫ్ఎస్ కూడా చదివేలా చేస్తాయి గానీ దాన్ని నమ్ముకోలేం.

మరి ఫ్యాట్32లోనే పెట్టేస్తే పోయేది కదా అంటే, ఐఎస్ఓలో సోర్సెస్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ డాట్ విమ్ అనే ఫైలు ఉంటుంది, విండోస్ మొత్తం అందులోనే ఉంటుంది, అది 4 జీబీ దాటేసింది. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీకి మించి ఉండకూడదు. చాలామంది చేత్తో ఫార్మాట్ చేసి కాపీ చేద్దామని చూసి ఆగిపోయేది ఈ ఫైలు దగ్గరే. రూఫస్ దీనికి మంచి ఉపాయమే చేస్తుంది. పెద్ద పార్టిషన్ ఎన్‌టీఎఫ్ఎస్‌గానే ఉంచి, చివర్లో బుల్లి ఫ్యాట్ పార్టిషన్ ఒకటి పెట్టి, అందులో ఎన్‌టీఎఫ్ఎస్ చదివే డ్రైవర్ పెడుతుంది. ఫర్మ్‌వేర్ ఆ బుల్లిదాన్ని చదువుతుంది, అది పెద్దదాన్ని తెరుస్తుంది. ఇప్పుడొస్తున్న రూఫస్‌లో ఆ డ్రైవర్‌కు సంతకం ఉంది కాబట్టి సెక్యూర్ బూట్ (సంతకం లేనిదాన్ని లేవనివ్వని కాపలా) ఆపాల్సిన పని కూడా లేదు.

కాబట్టి రూఫస్ మళ్ళీ తెరువు, పార్టిషన్ స్కీమ్ (డిస్కులో భాగాల పట్టిక రాసే పద్ధతి) దగ్గర పాతదైన ఎంబీఆర్ తీసి కొత్తదైన జీపీటీ పెట్టు, టార్గెట్ సిస్టమ్ తనంతట తానే యూఈఎఫ్ఐకి మారుతుంది. స్టార్ట్ కొట్టు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది, చెల్లి సర్టిఫికెట్ల స్కాన్‌లు లాంటివి ఏమైనా ఉంటే ముందు తీసి పక్కన పెట్టుకో. ఇదంతా వద్దనుకుంటే మైక్రోసాఫ్ట్ వాళ్ళ మీడియా క్రియేషన్ టూల్ వాడు, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి. అది ఇన్‌స్టాల్ ఫైలును ఇంకా గట్టిగా కుదించిన రూపంలో తెచ్చి ఫ్యాట్32లోనే సర్దుతుంది.

లెగసీ ఆప్షన్ కోసం వెతకడం మాత్రం మానెయ్. యూఈఎఫ్ఐ లోపల పాత బయోస్‌లా ప్రవర్తించే సీఎస్ఎమ్ అనే భాగాన్ని 2020 కల్లా తీసేస్తామని ఇంటెల్ 2017లోనే చెప్పింది. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో అది దాచిపెట్టలేదు, అసలు లేదు. ఆ వీడియోలు పాత మెషీన్ల కోసం చేసినవి.

ల్యాబ్ మాస్టారు:

పైన చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరైనది. నేను కాలేజీ ల్యాబ్‌లో ఉంటాను, ప్రతి ఏడాదీ కొత్త బ్యాచ్ పిల్లలు ఇదే అడుగుతారు, వాళ్ళకు నేను చెప్పేది పవర్ బటన్ నొక్కిన దగ్గర్నుంచి మొదలవుతుంది, ఎందుకంటే ఆ కొన్ని సెకన్లలో ఏం జరుగుతుందో తెలిస్తే ఏ కంపెనీ ల్యాప్‌టాప్ ఇచ్చినా ఎక్కడ ఆగిందో మనమే చెప్పగలం.

బటన్ నొక్కగానే ప్రాసెసర్ లేవదు. ముందు వోల్టేజీలు అన్నీ స్థిరపడ్డాయని పవర్ గుడ్ అనే సంకేతం రావాలి, అప్పుడు ప్రాసెసర్‌ను రీసెట్ నుంచి వదులుతారు. ఇంటెల్ ప్రాసెసర్ అప్పుడు చదివే మొదటి సూచన 4 జీబీ అడ్రసుకు సరిగ్గా 16 బైట్ల కింద ఉంటుంది. ఆ అడ్రసులో ర్యామ్ ఉండదు, మదర్‌బోర్డు మీద ఎనిమిది కాళ్ళ చిన్న ఫ్లాష్ చిప్ ఉంటుంది చూశారా, దానిలోని కోడ్ అక్కడ కనబడేలా వైరింగ్ ఉంటుంది. ఆ చిప్‌లో ఉన్నదే ఫర్మ్‌వేర్. సాధారణంగా 16 లేదా 32 ఎంబీ, అంతే.

ఆ క్షణానికి ర్యామ్ వాడుకోవడానికి ఇంకా సిద్ధంగా లేదు. ప్రాసెసర్ తనలోని క్యాష్‌నే తాత్కాలికంగా ర్యామ్‌లా వాడుకుంటూ అసలు ర్యామ్‌కు టైమింగ్‌లు సరిచూసుకుంటుంది, దాన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. డీడీఆర్5 పెట్టిన కొత్త డెస్క్‌టాప్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర నల్లగా ఉండిపోయి ఫ్యాన్లు మాత్రం తిరుగుతుంటాయే, చాలాసార్లు కారణం ఇదే, కొన్ని నిమిషాలు కూడా పట్టొచ్చు. బోర్డు పోయిందని కంగారుపడి స్విచ్ ఆపేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

ర్యామ్ లేచాక ఫర్మ్‌వేర్ తన సొంత డ్రైవర్లు ఒక్కొక్కటే ఎక్కిస్తుంది. డిస్‌ప్లే, కీబోర్డు, యూఎస్‌బీ, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాట్ చదివే డ్రైవర్. కంపెనీ లోగో కనబడేది ఇక్కడ. ఆ తర్వాత బూట్ మేనేజర్ వంతు. అది ఎన్‌వీర్యామ్‌లో (ఆపేసినా చెరిగిపోని చిన్న మెమరీ) రాసి ఉన్న ఒక జాబితా తీస్తుంది, అందులో ఏ డిస్కు, ఏ పార్టిషన్, ఏ ఫైలు అని పూర్తి దారి ఉంటుంది. విండోస్ వేసినప్పుడు ఈఎఫ్ఐ, మైక్రోసాఫ్ట్, బూట్ ఫోల్డర్లలోని బూట్‌ఎమ్‌జీఎఫ్‌డబ్ల్యూ డాట్ ఈఎఫ్ఐ అనే ఫైలు దారిని ఆ జాబితాలోకి ఎక్కిస్తుంది. మీరు సెటప్ తెరలో పైకీ కిందికీ జరిపే బూట్ ఆర్డర్ ఈ జాబితాయే. కొత్తగా గుచ్చిన పెన్‌డ్రైవ్ గురించి అందులో ఏమీ రాసి ఉండదు కాబట్టి, దానికోసం అందరూ ఒప్పుకున్న ఒకే దారి పెట్టారు, సర్వీస్ తమ్ముడు చెప్పిన బూట్‌ఎక్స్64 ఫైలు అదే. 64 బిట్ ప్రాసెసర్ ఉండి కూడా 32 బిట్ ఫర్మ్‌వేర్‌తో వచ్చిన కొన్ని చవక టాబ్లెట్‌లు ఉండేవి, వాటిలో ఆ ఫైలు బూట్‌ఐఏ32 అనే పేరుతో ఉండాలి, లేకపోతే ఎంత మంచి పెన్‌డ్రైవ్ పెట్టినా పలకవు.

పాతది ఎందుకు వదిలేశారని పిల్లలు అడుగుతారు. బయోస్ 1981లో ఐబీఎమ్ పీసీతో వచ్చింది. ఎంబీఆర్‌లో ఉన్న ఆ 512 బైట్లలో కోడ్‌కు 446 బైట్లు, పార్టిషన్ పట్టికకు 64 బైట్లు. అందుకే ప్రైమరీ పార్టిషన్లు నాలుగే. సెక్టార్ నంబరుకు 32 బిట్లే కేటాయించారు కాబట్టి 2 టెరాబైట్లు దాటిన డిస్కులో మిగతాది వాడుకోలేం. ఇంటెల్ వాళ్ళు ఇటానియం సర్వర్ల కోసం 1990ల మధ్యలో మొదలుపెట్టిన ఈఎఫ్ఐని 2005లో యూఈఎఫ్ఐ ఫోరమ్ అనే ఉమ్మడి సంస్థ చేతికి ఇచ్చారు, జీపీటీ పద్ధతి కూడా దానితోపాటే వచ్చింది.

మీ మెషీన్ ఏ పద్ధతిలో నడుస్తోందో చూడాలంటే విండోస్‌లో రన్‌లో ఎమ్‌ఎస్‌ఇన్ఫో32 అని కొట్టండి, బయోస్ మోడ్ దగ్గర లెగసీ అనో యూఈఎఫ్ఐ అనో ఉంటుంది. నేనైతే ఎవరి మెషీన్ ముట్టుకున్నా ముందు అది చూశాకే పెన్‌డ్రైవ్ బయటికి తీస్తాను.

మద్దిలపాలెం లైనక్స్:

అన్నా, రూఫస్ సెట్టింగ్ మార్చితే నీ పని అయిపోతుంది. కానీ ఇంట్లో రెండు రకాల మెషీన్లు ఉన్నాయి కాబట్టి నీకు వెంటాయ్ చెప్తాను. ఒక్కసారి పెన్‌డ్రైవ్‌కు వెంటాయ్ ఎక్కిస్తే చాలు, తర్వాత ఐఎస్ఓ ఫైళ్ళు మామూలుగా కాపీ చేసుకుంటూ పోవడమే. విండోస్ 11, ఉబుంటు, మింట్, ఏదైనా పక్కపక్కనే ఉంటాయి, బూట్ అయ్యాక మెనూలో కావలసింది ఎంచుకోవచ్చు. అది ఎక్స్‌ఫ్యాట్‌లో పెద్ద పార్టిషన్, 32 ఎంబీ చిన్న పార్టిషన్ చేస్తుంది, బయోస్‌కు కావలసిన మొదటి సెక్టార్ కోడూ, యూఈఎఫ్ఐకి కావలసిన ఫైలూ రెండూ పెడుతుంది కాబట్టి నాన్నగారి డెస్క్‌టాప్‌లోనూ చెల్లి ల్యాప్‌టాప్‌లోనూ అదే లేస్తుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే మొదటిసారి నీలం తెర వచ్చి తాళంచెవి నమోదు చెయ్యమంటుంది, అక్కడ ఎన్‌రోల్ కీ ఫ్రమ్ డిస్క్ ఎంచుకుని, కనిపించే పెన్‌డ్రైవ్ పార్టిషన్‌లో దాని తాళంచెవి ఫైలు చూపిస్తే సరి. ఆ తెర చూసి ఏదో వైరస్ అనుకునేవాళ్ళున్నారు, కాదు.

లైనక్స్ ఐఎస్ఓలు చాలావరకు హైబ్రిడ్‌గా తయారుచేస్తారు, అంటే ఐఎస్ఓనే బైటు బైటుగా పెన్‌డ్రైవ్ మీద పోసేసినా బూట్ అవుతుంది, డీడీ కమాండ్ చేసేది అదే. విండోస్ ఐఎస్ఓ అలా తయారుచేసింది కాదు. లైనక్స్ మెషీన్‌లో కూర్చుని విండోస్ ఐఎస్ఓను డీడీతో పోసి రాలేదంటుంటారు, రాదు. ఇంకో సంగతి, లైనక్స్ పోశాక ఆ పెన్‌డ్రైవ్ విండోస్‌లో పెడితే 32 జీబీది కాస్తా బాగా చిన్నగా కనబడుతుంది లేదా ఫార్మాట్ చెయ్యమని అడుగుతుంది. పెన్‌డ్రైవ్ పాడవలేదు. విండోస్‌లోనే ఉండే డిస్క్‌పార్ట్ అనే కమాండ్ తెరిచి లిస్ట్ డిస్క్ కొట్టి, సైజు చూసి అది పెన్‌డ్రైవేనని ఖాయం చేసుకుని, సెలెక్ట్ చేసి క్లీన్ కొట్టి, కొత్త పార్టిషన్ చేసి ఫార్మాట్ చేస్తే మళ్ళీ మామూలైపోతుంది. ఆ సైజు చూడటం మాత్రం దయచేసి వదిలెయ్యొద్దు. క్లీన్ అనే కమాండ్ నిజంగా తుడవాలా అని ఇంకోసారి అడగదు, నంబరు తప్పు కొడితే పోయేది ఇంట్లోవాళ్ళ ఫొటోలు.

ఐఎస్ఓ దించుకున్నాక పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ కమాండ్ ఇచ్చి వచ్చిన ఎస్‌హెచ్ఏ-256 విలువను సైటులో ఇచ్చిన విలువతో పోల్చుకో. మన దగ్గర కరెంటు పోయి రౌటర్ ఆగి, డౌన్‌లోడ్ మధ్యలో తెగి మళ్ళీ అందుకోవడం మామూలే, ఒక్క బిట్ తేడా వచ్చినా ఇన్‌స్టాల్ సగంలో ఎక్కడో ఆగుతుంది, అప్పుడు అందరం పెన్‌డ్రైవ్‌ను తిడతాం. ఇక మరీ చవగ్గా దొరికే 256 జీబీ, 512 జీబీ పెన్‌డ్రైవ్‌లు ఇలాంటి పనికి వాడొద్దు, లోపల చిన్న చిప్ పెట్టి పెద్ద సైజు చూపించేవి ఉంటాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్‌తో నిండా రాసి తిరిగి చదివిస్తే నిజం బయటపడుతుంది.

గాజువాక కుర్రాడు:

అందరికీ చాలా చాలా థాంక్స్. జీపీటీ పెట్టి రాశాను, వెంటనే ఎఫ్12 లిస్టులో పెన్‌డ్రైవ్ పేరు యూఈఎఫ్ఐ అని ముందు పెట్టుకుని మరీ వచ్చింది! మాస్టారూ, మీరు రాసింది చెల్లికి కూడా చదివి వినిపించాను.

కానీ ఇప్పుడు ఇంకో చోట ఆగింది. విండోస్ ఎక్కడ వెయ్యాలో చూపించే తెరలో ఏ డ్రైవూ లేదు, లిస్టు ఖాళీ, కింద డ్రైవర్ లోడ్ చెయ్యమని రాసి ఉంది. సెటప్‌లో చూస్తే మాత్రం 512 జీబీ ఎస్‌ఎస్‌డీ పేరుతో సహా కనబడుతోంది. ఎస్‌ఎస్‌డీ ఊడిందేమో అని అమ్మ భయపడుతోంది.

సీతమ్మధార సర్వీస్:

అమ్మగారికి చెప్పు, ఊడలేదు. ఊడితే సెటప్‌లో కూడా కనబడదు. 11వ తరం నుంచి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో వీఎమ్‌డీ అని ఒకటి ఆన్ చేసి పంపిస్తున్నారు. ఎస్‌ఎస్‌డీ నేరుగా కనబడకుండా ఆ వీఎమ్‌డీ కంట్రోలర్ వెనక ఉంటుంది. ఫర్మ్‌వేర్ దగ్గర దాని డ్రైవర్ ఉంది కాబట్టి సెటప్‌లో కనబడింది, విండోస్ ఇన్‌స్టాలర్ దగ్గర లేదు కాబట్టి లిస్టు ఖాళీ. నా టేబుల్ మీదకు వచ్చే కొత్త ల్యాప్‌టాప్‌లలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.

ఇంకో కంప్యూటర్‌లో నీ ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీ తెరిచి, అడుగున స్టిక్కర్ మీద ఉన్న పూర్తి మోడల్ నంబరు కొట్టు. స్టోరేజ్ విభాగంలో ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ డ్రైవర్ ఉంటుంది. దాన్ని దించుకుని విడదీస్తే ఐఎన్ఎఫ్, సిస్, క్యాట్ ఫైళ్ళున్న ఫోల్డర్ ఒకటి వస్తుంది. ఈఎక్స్ఈ ఫైలును అలాగే పెడితే ఇన్‌స్టాలర్ చదవదు, విడదీసిన ఫోల్డరే కావాలి. దాన్ని అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఆ తెరలో లోడ్ డ్రైవర్ నొక్కి ఆ ఫోల్డర్ చూపించు. వీఎమ్‌డీ కంట్రోలర్ అని రాసి ఉన్నదాన్ని ఎంచుకుంటే ఎస్‌ఎస్‌డీ ప్రత్యక్షమవుతుంది. ఎలాగూ ఆ పేజీలో ఉన్నావు కాబట్టి వైఫై డ్రైవర్ కూడా దించి పక్కన పెట్టు, విండోస్ 11 మొదటి సెటప్‌లో ఇంటర్నెట్ అడుగుతుంది, అప్పటికి వైఫై గుర్తుపట్టకపోతే అక్కడ మళ్ళీ ఆగుతావు.

సెటప్‌లో వీఎమ్‌డీ ఆపేసే దారి కూడా ఉంది. ఏసర్ లాంటి వాటిలో మెయిన్ ట్యాబ్‌లో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితేగానీ ఆ ఆప్షన్ కనబడదు, కొన్ని కంపెనీలు అసలు ఇవ్వవు. కొత్తగా వేస్తున్నావు కాబట్టి ఆపినా నష్టం లేదు, కానీ నేను డ్రైవర్ దారే చెప్తాను. ఎందుకంటే ఆపి విండోస్ వేశాక, ఎప్పుడైనా ఎవరైనా సెటప్‌ను డిఫాల్ట్‌కు మారిస్తే వీఎమ్‌డీ మళ్ళీ ఆన్ అవుతుంది, విండోస్ లేవదు, చెల్లి హాస్టల్‌లో ఉండగా అలా జరిగితే చూసేవాళ్ళెవరు?

ఎంవీపీ కాలనీ లావణ్య:

ఈ చర్చ చదువుతుంటే నాకూ ఒక అనుమానం వచ్చింది. నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 కొన్నప్పటి నుంచే ఉంది, ఆఫీసు పని అంతా అందులోనే. పక్కన ఉబుంటు వేసుకుందామని చూస్తే ముందు సెక్యూర్ బూట్ ఆపెయ్యండి అని చాలాచోట్ల రాశారు. ఆపేస్తే ఇప్పుడున్న విండోస్‌కు ఏమైనా అవుతుందా మాస్టారూ?

ల్యాబ్ మాస్టారు:

అమ్మా, అడిగి మంచి పని చేశారు. దయచేసి ఇప్పుడే ఆపకండి. విండోస్‌తో వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో, ముఖ్యంగా మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి ఉంటే, డిస్కు మొత్తం మీకు తెలియకుండానే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. హోమ్ ఎడిషన్‌లో దాన్ని డివైస్ ఎన్‌క్రిప్షన్ అంటారు, ప్రోలో బిట్‌లాకర్, లోపల రెండూ ఒకటే. ఆ తాళంచెవి టీపీఎమ్ అనే భద్రతా చిప్‌లో ఉంటుంది. మెషీన్ లేచేటప్పుడు ఏ ఫర్మ్‌వేర్ అమరికతో లేచిందో ఆ కొలతలు టీపీఎమ్‌లో నమోదవుతాయి, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందా లేదా అనేది కూడా అందులో భాగమే. మీరు దాన్ని ఆపగానే కొలత మారిపోతుంది, టీపీఎమ్ తాళంచెవి ఇవ్వదు, నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మళ్ళీ ఆన్ చేస్తే మామూలుగా లేవొచ్చు, కానీ ఆ కీ దగ్గర లేకుండా ఆ తెర చూసినవాళ్ళ ముఖం ఎలా ఉంటుందో నేను చూశాను. ఈమధ్యే ఒక అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు అంతా అందులో ఉంచుకుని, ఫోన్‌లో ఏ మెయిల్ ఐడీతో ఖాతా తెరిచిందో గుర్తు రాక ల్యాబ్‌లో కూర్చుని ఏడ్చేసింది. చివరికి వాళ్ళ నాన్నగారి ఐడీలో దొరికింది.

కాబట్టి ముందు సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్ళి రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, ఫొటో తీసి అదే ల్యాప్‌టాప్‌లో పెట్టుకుంటే ఏం లాభం. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కీ ఆఫీసు ఐటీ వాళ్ళ దగ్గర ఉంటుంది, వాళ్ళను అడగకుండా ముట్టుకోవద్దు.

ఇంతకీ ఉబుంటుకు సెక్యూర్ బూట్ ఆపాల్సిన అవసరమే లేదు. సెక్యూర్ బూట్ చేసే పని ఒక్కటే, లేపబోయే ఫైలు మీద తనకు తెలిసినవాళ్ళ సంతకం ఉందా అని చూడటం. ఉబుంటు, ఫెడోరా లాంటివి షిమ్ అనే చిన్న ఫైలు మీద మైక్రోసాఫ్ట్ సంతకం తీసుకుంటాయి, ఫర్మ్‌వేర్ షిమ్‌ను నమ్ముతుంది, షిమ్ గ్రబ్‌ను (లైనక్స్‌ను లేపే ప్రోగ్రామ్), గ్రబ్ లేపే కెర్నల్‌ను (లైనక్స్ అసలు భాగం) సరిచూస్తుంది. ఆపమనే సలహాలు చాలావరకు 2012లో విండోస్ 8తో ఇది కొత్తగా వచ్చిన రోజులవి. ఆ సంతకాల్లో వాడే 2011 నాటి సర్టిఫికెట్ల గడువు 2026లో ముగుస్తోంది, వాటి చోట 2023 నాటివి వస్తున్నాయి. అందుకే విండోస్ అప్‌డేట్లు, కంపెనీ ఇచ్చే ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు వాయిదా వెయ్యకండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసేటప్పుడు మాత్రం చార్జర్ పెట్టి, బ్యాటరీ కూడా నిండుగా ఉంచుకుని చెయ్యండి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉండాలి. తుపాను హెచ్చరిక ఉన్న రోజున అస్సలు వద్దు.

పెదవాల్తేరు రవి:

పాత డెస్క్‌టాప్ గురించి ఒకటి అడగొచ్చా? ఇంట్లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎప్పటిదో పాత సంవత్సరానికి వెళ్ళిపోతోంది, ఆపైన విండోస్ నీలం తెర చూపించి రీస్టార్ట్ అయిపోతోంది. ఒక షాపులో చూపిస్తే హార్డ్ డిస్క్ పోతోంది, విండోస్ మళ్ళీ వెయ్యాలి అన్నారు. బూటబుల్ పెన్‌డ్రైవ్ చేసుకుంటే నేనే వేసుకోవచ్చా?

సీతమ్మధార సర్వీస్:

రవిగారూ, పెన్‌డ్రైవ్ చెయ్యడానికి ముందు ఒక నాణెం సైజు బ్యాటరీ కొనండి, సీఆర్2032, మూడు వోల్టులది, ఏ వాచీల షాపులోనైనా దొరుకుతుంది. తేదీ వెనక్కి పోతోందంటే బోర్డు మీద ఉన్న ఆ బ్యాటరీ అయిపోయింది. పాత బోర్డుల్లో సెటప్ సెట్టింగ్స్ కూడా ఆ బ్యాటరీతోనే నిలబడతాయి, అది లేకపోతే కరెంటు పోయినప్పుడల్లా అన్నీ ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌కు వెళ్ళిపోతాయి. ఆ కాలం బోర్డుల్లో చాలావాటికి హార్డ్ డిస్క్ మోడ్, అంటే బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి (సెటప్‌లో సాటా మోడ్ అని ఉంటుంది), డిఫాల్ట్‌గా పాతదైన ఐడీఈ, కొత్త పద్ధతి ఏహెచ్‌సీఐ. మీ విండోస్ ఏహెచ్‌సీఐ మోడ్‌లో వేసి ఉంటే, మోడ్ మారగానే దానికి తన డిస్కు దొరకదు, 7బీ అనే కోడ్‌తోనో ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అనో నీలం తెర వస్తుంది. మీ తెర మీద ఆ మాటే ఉందేమో చూడండి. ఉంటే విండోస్ బాగానే ఉంది, డిస్కూ బాగానే ఉండొచ్చు.

ప్లగ్ తీసేసి, పవర్ బటన్ ఓసారి నొక్కి వదిలి, పాతది తీసి కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. మీరు బీచ్‌కు దగ్గరే కాబట్టి ఆ బ్యాటరీ కూర్చునే చోట రేకుకు పచ్చగా చిలుము పట్టిందేమో చూసి, ఉంటే పొడి బ్రష్‌తో తుడవండి, మనవైపు ఉప్పుగాలికి అది మామూలే. తర్వాత సెటప్‌లోకి వెళ్ళి తేదీ సరిచేసి, సాటా మోడ్ ఏహెచ్‌సీఐకి మార్చి ఎఫ్10 కొట్టండి. లేచాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోతో హార్డ్ డిస్క్ ఎలా ఉందో కూడా చూడండి. అందులో జాగ్రత్త అని పసుపు రంగులో చూపిస్తే అప్పుడు డేటా బయటికి తీసుకుని, డిస్కు మార్చే మాట ఆలోచిద్దాం.